సీసా కనిపెట్టుకొని ఉండమ్మా

ప్రశ్న: అమ్మా, వందనాలు. మాది కర్నూలు జిల్లాలో కోడుమూరు దగ్గర ఒక పల్లె. నాకు 33 ఏళ్లు. డి.ఎడ్ చేశాను. టీచరు ఉద్యోగం కోసం 2014, 2018, 2025, మూడు డీఎస్సీలు రాశాను. మొన్నటి మెగా డీఎస్సీలో ఒకటిన్నర మార్కు తేడాతో పోయింది. కర్నూలు సి.క్యాంపులో నాతో ఒకే రూములో ఉండి చదువుకున్న ఇద్దరికి ఉద్యోగాలు వచ్చాయి. నాన్న సేద్యం చేస్తాడు. సంబంధాలు వచ్చినప్పుడల్లా ఉద్యోగం వచ్చాకే పెళ్లి అని చెప్తూ వచ్చాను, ఇప్పుడు సంబంధాలు కూడా తగ్గిపోయాయి. చర్చిలో ఎవరిని అడిగినా "దేవుని సమయం ఇంకా రాలేదమ్మా, కనిపెట్టుకో" అంటారు. ఆ మాట వింటే ఈమధ్య కోపం వస్తోంది. ఆ కోపం పాపమేమోనని భయంగా ఉంది. రాత్రి రెండు దాకా నిద్ర పట్టదు. పగలంతా పుస్తకాలే. సాయంత్రం వీధిలో పిల్లలు నలుగురైదుగురు వస్తే చదువు చెప్తాను, అంతే. వాళ్లలో నాలుగో తరగతి పిల్లోడు ఒకడికి అక్షరాలే రావు. దేవుడు నా ప్రార్థన వింటున్నాడా? నేను ఇంకెంతకాలం కనిపెట్టుకోవాలి? పేరు రాయొద్దు.

సమాధానం:

తల్లీ, వందనాలు.

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మొదటిసారి డీఎస్సీ కనబడింది. రెండోసారి పెళ్లి సంగతి. మూడోసారి చదువుతుంటే, చివర్లో "అంతే" అని నువ్వు పక్కన పెట్టేసిన ఆ నాలుగో తరగతి పిల్లోడు కనబడ్డాడు. వాడి దగ్గరికి తర్వాత వస్తాను.

ముందు నీ కోపం సంగతి. పదమూడో కీర్తన తీసి చూడు. మొదటి రెండు వచనాల్లో దావీదు అడిగింది నువ్వడిగిందే. నన్ను మరిచిపోయావా, ఇంకెంతకాలం, ఇంకెంతకాలం అని అడిగిందే మళ్లీ మళ్లీ అడుగుతాడు. ఆ మాటలు తప్పని ఎవరూ బైబిల్లోంచి తీసేయలేదు, పైగా ఆరాధనలో పాడుకున్నారు. నాకు భయం వేసేది కోపం వచ్చి దేవునితో మాట్లాడటమే మానేసినవాళ్లను చూస్తే. నువ్వు కోపంగానైనా ఆయన్నే అడుగుతున్నావు. ఆ భయం తీసి పక్కన పెట్టు.

ఇక "దేవుని సమయం రాలేదు" అనేవాళ్ల గురించి. వాళ్ల మీద మనసులో ఏమీ పెట్టుకోవద్దు. చావింటికి పోయినవాళ్లకు నోట మాట రాక ఏదో ఒకటి అనేస్తారు చూడు, ఇదీ అట్లాంటిదే. కానీ ఆ మాటలో ఉన్న పొరపాటు ఏమిటో నువ్వు తెలుసుకోవాలి.

2018 అక్టోబరులో డీఎస్సీ నోటిఫికేషన్ వచ్చింది. ఆ తర్వాత 2024 ఫిబ్రవరిలో 6,100 పోస్టులకు ఒకటి ఇచ్చారు, అదే ఏడాది రద్దు చేశారు. 2025 ఏప్రిల్‌లో 16,347 పోస్టులతో మెగా డీఎస్సీ వచ్చింది. అంటే 2018 నోటిఫికేషన్ తర్వాత నీకు ఇంకో పరీక్ష రాసే అవకాశం రావడానికి ఆరున్నరేళ్లు పట్టింది. ఈ ఆరున్నరేళ్లు ఆపింది దేవుడా? ఫైళ్లు కదలకపోవడం, ప్రభుత్వాలు మారడం, ఇచ్చింది రద్దు చేయడం, ఇవన్నీ మనుషులు చేసిన పనులు. మనుషుల ఆలస్యాన్ని తెచ్చి దేవుని లెక్కలో రాస్తే ఆయన మీద నమ్మకం పోక ఏమవుతుంది? యోసేపు కథలో చూడు. చెరసాలలో ఉన్నవాడు, రాజైన ఫరోకు పానీయం అందించే పానదాయకుల అధిపతి విడుదలై పోతుంటే నన్ను మరిచిపోవద్దు, ఫరోకు నా సంగతి చెప్పు అని బతిమాలుకున్నాడు. ఆ మనిషి వెళ్లి మరిచిపోయాడని ఆదికాండం తేటగా రాసింది. ఆ తర్వాత రెండేళ్లు. ఆ రెండేళ్లు దేవుడు మరిచిపోయాడని రాయలేదు, మరిచిపోయింది మనిషి. యోసేపు తన కోసం తాను ప్రయత్నం చేసుకోవడం అవిశ్వాసం అనీ ఎక్కడా రాయలేదు. పదిహేడేళ్ల పిల్లోడిగా మొదలైన కథ, ఫరో ఎదుట నిలబడేసరికి అతనికి ముప్పై. ఆ పదమూడేళ్లలోనూ యెహోవా అతనికి తోడుగా ఉన్నాడన్న మాట చెరసాల అధ్యాయంలోనే ఉంది, సింహాసనం దగ్గరికి వచ్చేదాకా ఆగలేదు.

ఇప్పుడు నా సంగతి ఒకటి చెప్తాను. ఇది చెప్పకుండా నీకు సలహా ఇవ్వడం న్యాయం కాదు.

నేను జమ్మలమడుగు వైపు ఒక మిషన్ ఆసుపత్రిలో ముప్పై ఏళ్లకు పైగా నర్సుగా చేశాను. పెళ్లయిన రెండో ఏడు నుంచి "దేవుని సమయం రాలేదు సిస్టర్" అన్నది నేనూ విన్నాను. నాకు పిల్లలు లేరు. డ్యూటీ ప్రసూతి వార్డులో పడితే, అప్పుడే పుట్టిన బిడ్డను తుడిచి, మెత్తటి పాతచీర గుడ్డలో చుట్టి, బయట నిలబడ్డ అవ్వ చేతుల్లో పెట్టేదాన్ని. చేతుల్లోంచి ఆ వేడి పోయాక అర నిమిషం అక్కడే నిలబడేదాన్ని. నలభై మూడో ఏట డాక్టరమ్మ ఇక కాదని చెప్పింది. ఆ తర్వాత ఒక్కరు కూడా ఆ మాట అనలేదు. అన్నేళ్లు అందరి నోటా ఉన్న మాట ఒక్క వారంలో ఎటు పోయిందో తెలియదు.

అందుకే నీకు ఆ మాట నేను చెప్పను. వచ్చే డీఎస్సీలో నీకు వస్తుంది, దేవుడు నాకు చూపించాడు అని కూడా చెప్పను. అట్లా చెప్పేవాళ్లు దొరుకుతారు. నాకు అది తెలియదు. తెలిసింది వేరే ఉంది, అది వార్డులోనే తెలిసింది.

రాత్రి డ్యూటీలో నలభై మంచాలకు ఒక్క సిస్టర్‌ను ఉండేదాన్ని. సెలైన్ ఎక్కే ప్రతి మంచం దగ్గరా నేను నిలబడలేను కదా. అందుకని రోగితో ఉన్నవాళ్లకు చెప్పేదాన్ని: "సీసా కనిపెట్టుకొని ఉండమ్మా, అయిపోవస్తే పిలువు." రాత్రికి పదిసార్లు ఆ మాట అనేదాన్ని. ఒక ఎండాకాలం, మైలవరం వైపు నుంచి ఒక అవ్వ మనవడిని తీసుకొచ్చింది. వాంతులు, విరేచనాలు. ఆరేడేళ్ల పిల్లోడు, కళ్లు లోపలికి పోయి, చర్మం గిల్లితే గిల్లినచోటే నిలబడిపోతోంది. నరం దొరకడానికి చాలాసేపు పట్టింది. సెలైన్ పెట్టాక అవ్వ నా చెయ్యి పట్టుకొని అడిగింది: "ఎప్పుడు తగ్గుతాది సిస్టరమ్మా?"

"తెలీదవ్వా" అన్నాను. నిజంగానే తెలియదు.

ఆమె ఒక్క క్షణం నా ముఖంలోకి చూసి, "మరి నేనేం చేయాల?" అంది.

"సీసా కనిపెట్టుకొని ఉండు."

ఆమెకు గడియారం చూడటం రాదు. ప్లాస్టర్ ముక్క ఒకటి సీసా మీద నిలువునా అతికించి పెన్నుతో గీతలు గీశాను. నీళ్లు ఈ గీతకు వచ్చేసరికి ఒక గంట, ఈ గీతకు రెండు గంటలు, ఇక్కడికి వస్తే నన్ను లేపు అని చూపించాను. ఖాళీ అయినా చూసుకోకపోతే నెత్తురు ట్యూబులోకి ఎక్కుతుందని కూడా చెప్పాను. ఇక ఆ అవ్వ మంచం పక్కన కింద కూర్చొని, ఒక చేత్తో మనవడి మణికట్టు కదలకుండా పట్టుకొని, రెండో చేత్తో తడిగుడ్డ అద్దుతూ, కళ్లు సీసా మీదనే పెట్టింది. పిల్లోడు సూది పీక్కోబోతే ఆపింది. పక్క మంచం ఆమె పలకరిస్తే తల తిప్పకుండానే జవాబు చెప్పింది. "ఎప్పుడు తగ్గుతాది" అని మళ్లీ అడగలేదు. దాని బదులు గీత దగ్గరికి వచ్చిన ప్రతిసారీ చెప్పింది: "సిస్టరమ్మా, రెండో గీత."

ఆ పిల్లోడు నాలుగో రోజు నడుచుకుంటూ ఇంటికి పోయాడు. అన్ని మంచాల మీదా అట్లా జరగలేదు, అదీ నీకు చెప్పాలి. కొన్ని రాత్రులు కనిపెట్టుకొని కూర్చున్న తల్లి చేతిలోంచే చెయ్యి జారిపోయింది.

ఇంటికి పోయి ఒక ఆదివారం నూట ముప్పయ్యో కీర్తన చదువుతుంటే, కావలివాళ్లు తెల్లవారడం కోసం కనిపెట్టినదానికంటే ఎక్కువగా నా ప్రాణం ప్రభువు కోసం కనిపెడుతోంది అన్నచోట ఆగిపోయాను. చిన్నప్పటి నుంచి ఆ మాటను నేను "ఎదురుచూడటం" అనే చదువుకున్నాను. బస్సు కోసం నిలబడినట్టు, ఉత్తరం కోసం వాకిట్లో కూర్చున్నట్టు. కానీ మనం మాట్లాడుకునే తెలుగులో కనిపెట్టుకొని ఉండటం అంటే అది కాదు కదా! పసిబిడ్డను కనిపెట్టుకొని ఉండు అంటాం. కళ్లంలో కాయలను కనిపెట్టుకో, పొయ్యి మీద పాలను కనిపెట్టుకో అంటాం. ఎదురుచూసేవాడి కళ్లు దారి మీద ఉంటాయి. కనిపెట్టుకొని ఉండేవాడి కళ్లు తనకు అప్పగించినదాని మీద ఉంటాయి. నేను అన్నేళ్లు రోగుల బంధువులకు చెప్పిన మాటే నాకు దేవుడు చెప్తున్నాడని ఆ రోజు అర్థమైంది. నాకు బిడ్డ ఎప్పుడు అని దారి చూస్తూ కూర్చున్నంతకాలం నా చేతిలో ఏముందో నేను చూడలేదు.

అదే రాత్రిలో ఇంకొకటి జరిగింది. మూడు గంటలప్పుడు ఆ అవ్వ కూర్చున్నచోటే కునికింది. మూడు రోజుల నుంచి నిద్ర లేదు పాపం. నేను టేబుల్ దగ్గర నుంచి చూశాను. వెళ్లి సెలైన్ వేగం సరిచేసి, పిల్లోడి నాడి చూసి, అక్కడే స్టూలు మీద కూర్చున్నాను. పావుగంట తర్వాత ఆమె ఉలిక్కిపడి లేచి గబగబా సీసా వైపు చూసింది. అప్పటికి నేను పక్క మంచానికి వెళ్లిపోయాను. ఆ పావుగంట ఆ మంచం దగ్గర ఎవరున్నారో ఆమెకు తెలియదు. దేవుడు వింటున్నాడా అని నువ్వడిగావు. ఇశ్రాయేలును కాపాడేవాడు కునకడు, నిద్రపోడు అని నూట ఇరవై ఒకటో కీర్తనలో ఉన్న మాటను నేను ఆ స్టూలు మీద కూర్చున్నప్పటి నుంచి నమ్ముతున్నాను. నాకు బిడ్డ పుట్టకపోయినా నమ్ముతున్నాను. ఇంతకంటే రుజువు నా దగ్గర లేదు తల్లీ.

ఇప్పుడు నువ్వు చేయాల్సిన పనుల గురించి. మొదటిది చదువు. పగలంతా పుస్తకాలే అని రాశావు. మాది పులివెందుల పక్క పల్లె, మా నాయన శెనక్కాయ వేసేవాడు. విత్తనం కాయలు మూటలు కట్టి ఇంట్లో పెట్టేవాడు. ఎండాకాలం సెలవుల్లో పిల్లలం ఖాళీగా ఉండి ఒలుస్తాం అంటే ఒప్పుకునేవాడు కాదు. "ముందే ఒలిస్తే ఇత్తనం పాడైతాది" అనేవాడు. కాయలో ఉంటే గింజ నిలుస్తుంది. ఒలిచాక ఎక్కువ రోజులు ఆగదు, పైపొర లేచినా, పప్పు విచ్చుకున్నా మొలక రాదు. ఆ నెలల్లో ఆయన ఎరువు తోలేవాడు, దుక్కి దున్నేవాడు, గొర్రు బాగు చేయించేవాడు, ఎద్దులకు మేత చూసేవాడు. మబ్బు కమ్మి గాలి తిరిగాక మాత్రం ఇల్లంతా లాంతరు చుట్టూ కూర్చొని ఒలవాల్సిందే. వేళ్లు వాచిపోయేవి. ఎర్రనేలలో పదును రెండు మూడు రోజులే ఉంటుంది, ఆ లోపల గొర్రు నడవాలి.

నువ్వు పదేళ్లుగా విత్తనం ఒలిచి పెట్టుకొని కూర్చున్నావు. నోటిఫికేషన్ లేనప్పుడు కూడా నోటిఫికేషన్ వచ్చినట్టే చదివితే, అది వచ్చేసరికి నీలో మొలక శక్తి ఉండదు. ఇప్పుడు రోజుకు రెండు గంటలు చాలు. నోటిఫికేషన్ వచ్చాక పరీక్ష దాకా లాంతరు పెట్టుకొని చదువు.

ఆ రెండు గంటలు దేని మీద పెట్టాలో కూడా చూసుకో. ఎంపికలో డీఎస్సీ మార్కులకు 80 శాతం, టీచరు అర్హత పరీక్ష టెట్‌కు 20 శాతం వెయిటేజీ ఉంది. టెట్ 150 మార్కులకు కదా. టెట్‌లో పన్నెండు మార్కులు పెంచుకుంటే ఇక్కడ ఒకటిన్నర దాటి కలుస్తుంది. నీకు తగ్గింది ఒకటిన్నరే. టెట్ పాసైతే జీవితాంతం చెల్లుతుంది, మార్కులు పెంచుకోవడానికి మళ్లీ రాయవచ్చు, ఎక్కువ వచ్చినవే లెక్కలోకి వస్తాయి. ఎప్పుడో తెలియని డీఎస్సీ కంటే ముందు ఇది పట్టుకో. మొన్నటి నోటిఫికేషన్‌లో ఓసీ అభ్యర్థులకు కూడా 44 ఏళ్ల దాకా వయసు ఉంది. నీకు ముప్పై మూడే. కాలం అయిపోయిందన్న టెన్షన్ అక్కర్లేదు.

ఎవరైనా వచ్చి, ఫలానా ఆయనకు ఇన్ని లక్షలు కడితే పోస్టు వేయిస్తాడు అంటే, మీ నాన్న నీ బాధ చూడలేక పొలం మీద అప్పు తేవడానికి సిద్ధపడవచ్చు. పడనివ్వొద్దు. అబ్రాహాముకు వాగ్దానం వచ్చినప్పుడు 75 ఏళ్లు, ఇస్సాకు పుట్టినప్పుడు నూరేళ్లు. మధ్యలో ఆగలేక అతని భార్య శారా, బిడ్డ కోసం తన దాసి హాగరును అడ్డదారిగా వాడుకుంది. ఆ అడ్డదారికి ఎక్కువ ఏడ్చింది ఏ పాపం ఎరగని హాగరు, ఆమె కొడుకు. మన తొందరకు పక్కవాళ్లు కడతారు, ఇంట్లో అయితే నాన్న కడతాడు.

ఇక పెళ్లి. ఇక్కడ నిన్ను కొంచెం గట్టిగానే అడుగుతాను. ఉద్యోగం వచ్చాకే పెళ్లి అని ఎవరు చెప్పారు? మా ఇంటి గోడ మీద ఉన్న క్యాలెండర్‌లో యిర్మీయా 29:11 ఉంది, మీ ఇంట్లోనూ ఉండే ఉంటుంది. మీ గురించి నా ఆలోచనలు సమాధానకరమైనవే అని దేవుడు చెప్పే వచనం. ఆ వచనానికి పైన ఏముందో ఎవరూ క్యాలెండర్‌లో వేయరు. అది బబులోనుకు చెరగా పోయినవాళ్లకు రాసిన ఉత్తరం. తిరిగి రావడానికి డెబ్బై ఏళ్లు పడుతుందని దాంట్లోనే ఉంది. డెబ్బై ఏళ్లంటే, ఆ ఉత్తరం చదివించుకొని విన్న పెద్దవాళ్లు అక్కడే చనిపోతారు. వాళ్లకు దేవుడు చెప్పిందేమిటంటే ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటి పండ్లు తినండి, పెళ్లిళ్లు చేసుకోండి, పిల్లలకు పెళ్లిళ్లు చేయండి, మీరున్న ఊరి క్షేమం కోసం ప్రార్థన చేయండి అని. యెరూషలేము చేరాకే బతకండి అనలేదు.

నువ్వు మాత్రం తోట నాటడం, ఇల్లు కట్టడం అన్నీ చిన్న తరగతుల టీచరు (ఎస్‌జీటీ) ఆర్డరు కాగితం వచ్చేదాకా వాయిదా వేసి పెట్టావు. రేపే ఎవరికో ఒకరికి తలవంచమని నేను అనడం లేదు. పెళ్లి వద్దనుకుంటే అది వేరే మాట, దాన్ని కూడా ధైర్యంగా ఇంట్లో చెప్పు. కావాలనుకుంటే మాత్రం ఉద్యోగంతో దానికి వేసిన ముడి విప్పు. ఈసారి సంబంధం వస్తే "వచ్చాక చూద్దాం" అనకుండా, ఆ మనిషిని చూసి, మాట్లాడి, అతను నచ్చాడా లేదా అన్నదాని మీద చెప్పు. నువ్వు పరీక్షలు రాస్తానంటే పుస్తకం చేతికిచ్చేవాడో లాక్కునేవాడో ముందే అడుగు. ఈ మాట అడగడానికి ముప్పై మూడేళ్ల ఆడపిల్లకు ఉన్న ధైర్యం ఇరవై రెండేళ్లప్పుడు ఉండదు. నువ్వు పోగొట్టుకున్నాను అనుకుంటున్న ఏళ్లు నీకు ఇచ్చిన లాభం అది.

డెబ్బై ఏళ్లంటే గుర్తొచ్చింది. మనం చదివే తెలుగు బైబిలు పని కోసం లండన్ మిషన్ నుంచి జార్జ్ క్రాన్, ఆగస్టస్ డెస్ గ్రాంజెస్ అనే ఇద్దరు 1805లో విశాఖపట్నం వచ్చారు. ఆనందరాయర్ అనే ఆయన సహాయంతో సువార్తలు తర్జుమా మొదలుపెట్టారు. 1809లో క్రాన్ పోయాడు, 1810లో డెస్ గ్రాంజెస్ పోయాడు. వాళ్లు చేసిన సువార్తలు శ్రీరాంపూర్‌లో అచ్చయింది 1812లో. మొత్తం బైబిలు తెలుగులో వచ్చేసరికి 1854. వాళ్లిద్దరూ ఒక్క అచ్చు పేజీ కూడా చూసుకోలేదు. నీకు పదమూడో కీర్తన తీసి చదువు అని నేను ఇంత తేలిగ్గా ఎట్లా అనగలిగాను అని ఆలోచిస్తే వాళ్లు గుర్తొస్తారు.

నిద్ర సంగతి చిన్నదిగా తీసుకోవద్దు. ఇది నర్సుగా చెప్తున్న మాట. రెండు దాకా నిద్ర పట్టకపోవడం ఎన్నాళ్ల నుంచి ఉందో నువ్వు రాయలేదు. రెండు వారాలు దాటి ఉంటే, తిండి సహించకపోతే, పొద్దున లేవబుద్ధి కాకపోతే, బతకడం ఎందుకు అన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా, 14416కు ఫోన్ చెయ్యి. అది ప్రభుత్వం పెట్టిన టెలి మానస్ నంబరు, డబ్బు పడదు, రాత్రీ పగలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడతారు. మందు కావాలంటే కర్నూలు పెద్దాసుపత్రిలో మానసిక వైద్యుల ఓపీ ఉంటుంది. ప్రార్థన చేసుకుంటే పోతుంది అని ఎవరైనా అంటే, ప్రార్థన చేసుకొనే వెళ్లు. ఏలీయా ప్రవక్త బదరీ చెట్టు కింద పడుకొని ఇక చాలు, నా ప్రాణం తీసుకో అన్నప్పుడు దేవుడు అతనికి ముందు ప్రసంగం చెప్పలేదు. నిద్రపోనిచ్చాడు, లేపి రొట్టె, నీళ్లు ఇచ్చాడు, మళ్లీ నిద్రపోనిచ్చాడు. రాత్రి ఫోనులో గ్రూపులు, కటాఫ్ లెక్కలు చూడటం ఒక నెల ఆపు. నీ రూమ్మేట్లు ఇద్దరి ఫోటోలు చూడటం కూడా. వాళ్ల మీద నీకు అసూయ అని నేను అనుకోవడం లేదు. కానీ పుండు మీద రోజూ చెయ్యి పెడితే అది ఎప్పుడు మానుతుంది?

ఇప్పుడు ఆ పిల్లోడు.

నువ్వు ఎట్లాగూ టీచర్‌వే కదా, ఉద్యోగం ఎందుకు అని నేను అనను. జీతం కావాలి. నాన్నకు ఆసరా కావాలి. నీ పేరు మీద ఒక ఆర్డరు కాగితం చూసుకోవాలని ఉండటం తప్పు కాదు. దానికోసం రాయి, అడుగు, మోకాళ్ల మీద ఏడువు. కానీ నాలుగో తరగతికి వచ్చి అక్షరాలు రాని పిల్లోడు బడిలో ఎట్లా కూర్చుంటాడో నీకు తెలుసు. వెనక బెంచీలో, పక్కవాడి పుస్తకం చూసి గీతలు గీసుకుంటూ కూర్చుంటాడు. వాడికి అయిదో తరగతి వస్తుంది, ఆరు వస్తుంది, ఎక్కడో ఒకచోట బడి మానేసి సుగ్గికి, అంటే కూలి పనులకు వలస పోయే ట్రాక్టరు ఎక్కుతాడు. మన వైపు ఎంతమంది అట్లా పోయారో నీ కళ్లతో చూసుంటావు. డి.ఎడ్‌లో నువ్వు నేర్చుకున్నదంతా ఇట్లాంటి పిల్లోడి కోసమే. వాడు నీ వాకిట్లోకి రోజూ సాయంత్రం తన కాళ్లతో తానే నడిచి వస్తున్నాడు. నీ సీసా అదీ.

మిగిలిన పిల్లలు రాకముందే వాడిని ఒక అరగంట ముందు రమ్మను. పలక కొనివ్వు, పుస్తకం వద్దు. వాడి పేరులో ఉన్న అక్షరాలతో మొదలుపెట్టు, తర్వాత వాళ్లమ్మ పేరు, తర్వాత ఊరి పేరు. అ ఆ ల నుంచి మళ్లీ మొదలుపెడితే చిన్నపిల్లల ముందు సిగ్గుపడతాడు. వాడి కంటి చూపు ఒకసారి పరీక్ష చేయించు. నేను చూసినంతలో, చదువు రాదని అందరూ వదిలేసిన కొందరు పిల్లలకు అసలు బోర్డు కనబడేది కాదు. ఒక నోట్‌బుక్కులో తేదీ వేసి, ఆ రోజు వాడు గుర్తుపట్టిన అక్షరాలు రాసుకో. నేను సీసా మీద గీసిన గీతల్లాగా.

రెండు నెలలు పోయాక నాకు మళ్లీ ఉత్తరం రాయి. టెట్ ఫీజు కట్టావో లేదో రాయి, ఎన్ని గంటలు నిద్రపోతున్నావో రాయి. ఆ పిల్లోడు ఏ గుణింతం దగ్గర ఉన్నాడో తప్పకుండా రాయి.